మసక చుక్కకు ఫోటో

కార్తీక మాసం చివరి రోజులు. అమావాస్య దగ్గర పడింది. వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. రాత్రి ఎనిమిదిన్నర అయింది. జీడితోట పక్కన ఇంటి పెరట్లో మామ్మ మంచం వేసుకుంది. మనవరాలు ఆకాశంలోకి వేలు చూపింది.

"మామ్మా, ఉత్తరం వైపు తిరుగు. తల బాగా పైకెత్తు. ఆ మసక కనపడతందా?"

"ఆఁ, కనపడతంది. మబ్బు ముక్కేటి?"

"మబ్బు కాదు మామ్మా. చుక్కల మంద. ఆండ్రోమెడా గెలాక్సీ అంటారు."

"మందయితే ఒక్క చుక్కా కనపడదేటి?"

మామ్మ మంచి ప్రశ్నే అడిగింది. ఆ మందలో లక్ష కోట్ల దాకా చుక్కలు ఉంటాయని అంచనా. కానీ అది చాలా దూరం. వెలుగు ఒక్క సెకనులో 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. చందమామ వెలుగు సెకనుంపావులో మన దగ్గరకు వస్తుంది. సూర్యుడి వెలుగుకు 8 నిమిషాల పైన పడుతుంది. ఆ మసక వెలుగుకు 25 లక్షల ఏళ్లు పట్టింది. అది బయలుదేరిన నాటికి మనలాంటి మనుషులు ఇంకా పుట్టలేదు.

ఇంత దూరపు దానికి పెరట్లోంచి ఫోటో తీయవచ్చా? తీయవచ్చు. చాలామంది తీస్తున్నారు.

కుళాయి నుండి నీరు చుక్క చుక్కగా కారుతోంది అనుకోండి. దోసిలి పడితే గొంతు తడవదు. బిందె పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి నిండుతుంది. మన కన్ను దోసిలి లాంటిది. వెలుగును దాచుకోలేదు. కెమెరా బిందె లాంటిది. దాచుకుంటుంది.

కెమెరాను దూరదర్శినికి బిగిస్తారు. దూరదర్శిని అంటే టీవీ కాదు. దూరపు వస్తువును దగ్గరగా చూపే గొట్టం. టెలిస్కోప్ అని కూడా అంటారు. ఈ పనికి చిన్నదైనా చాలు. ఎందుకంటే ఆ మంద చిన్నది కాదు. ఫోటోలో దాని పొడవు ఆరు చందమామలను వరుసగా పేర్చినంత ఉంటుంది. కంటికి కనపడేది నడిమి భాగమే.

ఒక చిక్కు ఉంది. భూమి తిరుగుతోంది. కాబట్టి చుక్కలు పడమటికి జరుగుతూ ఉంటాయి. గొట్టం కదలకపోతే ఫోటోలో చుక్కలు గీతలవుతాయి. అందుకే గొట్టాన్ని చుక్కలతో పాటు మెల్లగా తిప్పే మోటారు పెడతారు. ఒక్కొక్కటి రెండు నిమిషాల చొప్పున 60 ఫోటోలు తీస్తారు. మొత్తం రెండు గంటల వెలుగు. తరువాత కంప్యూటరులో అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ప్రతి ఫోటోలో కొంత పొల్లు ఉంటుంది. అది ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. అసలు వెలుగు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చేటతో చెరిగినట్టు పొల్లు పోయి గింజ మిగులుతుంది.

దీనికి చీకటి కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు కూలిపోయాయి. ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి చీకటి ఎవరికీ వద్దు. చుక్కల కోసం వీధి లైటు తీసేయనక్కరలేదు. వెలుగు కిందికే పడేలా లైటుకు పైన మూత ఉంటే చాలు.

ఇంటి దగ్గర దూరదర్శిని పెట్టుకోవడం మన వైపు కొత్త కాదు. విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు 1840లోనే పెట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడి ముందుగా దాటిపోవడం అక్కడి నుండే చూశాడు.

ఆ మసకకు పేరు తెచ్చిన ఫోటో ఇంగ్లండులో తీశారు. తీసింది ఐజాక్ రాబర్ట్స్. ఆయన బతుకు తెరువు ఇళ్లు కట్టించడం. 1888 డిసెంబరు 29న తన ఇంటి దగ్గరి దూరదర్శినితో నాలుగు గంటల పాటు వెలుగు పట్టాడు. సుడులు తిరిగిన ఆకారం కనపడింది. కొత్త సూర్యుడు తయారవుతున్నాడు అనుకున్నాడు ఆయన. ఫోటో సరైనదే. చదవడమే తప్పింది.

చదవడానికి దారి చూపింది ఒక స్త్రీ. పేరు హెన్రియెటా లీవిట్. అమెరికా దేశస్థురాలు. చెవులు సరిగా వినపడవు. అక్కడ ఆడవాళ్లకు పెద్ద దూరదర్శిని పని ఇచ్చేవారు కారు. చుక్కల ఫోటోలు పడిన గాజు పలకలు ఇచ్చి లెక్కలు కట్టమనేవారు. కూలి గంటకు 30 సెంట్లు.

కొన్ని చుక్కలు పెరుగుతూ తరుగుతూ వెలుగుతాయి. ఎంత నిదానంగా పెరిగి తరిగితే ఆ చుక్క అంత పెద్ద దీపం. ఈ సంగతి లీవిట్ 1912లో లెక్కతో చూపింది. రాత్రి సముద్రంలో పడవ దీపం మినుకుమంటుంది. అది ఎంత పెద్ద దీపమో తెలిస్తే పడవ ఎంత దూరమో చెప్పవచ్చు కదా! ఇదీ అంతే.

1923లో ఎడ్విన్ హబుల్ ఆ మసకలో అలాంటి చుక్క ఒకటి పట్టుకున్నాడు. లీవిట్ లెక్కతో దూరం కట్టాడు. మన పాలపుంతకు అవతల ఉన్న వేరే చుక్కల మంద అని తేలింది. ఆ మాట వినడానికి లీవిట్ లేదు. 1921లోనే చనిపోయింది.

"ఆ పిల్లకి ఎవులైనా సెప్పుంటే బాగుణ్ణు" అంది మామ్మ. మళ్లీ మసక వైపు చూసింది.

మీరు కూడా చూడండి. చందమామ లేని రాత్రి కావాలి. లైటుకు దూరంగా పది నిమిషాలు చీకట్లో ఉంటే కన్ను అలవాటు పడుతుంది. కనపడితే తేదీ, వేళ మీ నోటు పుస్తకంలో రాసుకోండి.