అనుకరణ విమానయానము: సన్నాహము నుండి నింగికెగయు వరకు

విమానయానమనగానే మన కన్నుల ముందు మెదలేది రన్‌వేపై పరుగు, ఆపై గాలిలోకి లేవడం. ఆ పరుగు ఒక నిమిషంలోపే ముగుస్తుంది. దానిని సాధ్యం చేసే సన్నాహము మాత్రం గంటల తరబడి సాగుతుంది. ఈ వ్యాసంలో ఆ సన్నాహాన్నే పరిశీలించదలచాము. ఇందుకు నిజమైన విమానం అక్కరలేదు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ నిర్మించిన శిక్షణ యంత్రంతో నేలమీద కూర్చొని విమానం నడపడం నేర్చుకొనే పద్ధతి స్థిరపడింది. 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఫ్లైట్ సిమ్యులేటర్‌ను వెలువరించిన తరువాత ఆ విద్య సామాన్యుల బల్లమీదికి వచ్చింది.

మనము ఎన్నుకొన్నది చార్టర్ ప్రయాణం. రోజూ వేళకు నడిచే బస్సుకు, పెళ్లివారు మాట్లాడుకొన్న బస్సుకు ఉన్న భేదమే సాధారణ విమానానికి, చార్టర్ విమానానికి ఉన్నది. ఒక సంస్థ తన ప్రయాణికుల కొరకు విమానాన్ని మొత్తంగా మాట్లాడుకొంటుంది. నిన్నటి ప్రయాణపు అలవాటు నేడు తోడుండదు. ఎవరు ఎక్కుతారు, ఎంత సామాను తెస్తారు, ఎవరి గగనతలం మీదుగా పోవాలి అన్నవి ప్రతిసారి కొత్తగా తేల్చుకోవాలి. హైదరాబాదు వారికి చిరపరిచితమైన ఉదాహరణ హజ్ యాత్రికుల విమానం. కావున మన అభ్యాసానికి శంషాబాదు నుండి జిద్దాకు 170 మంది ప్రయాణికులతో ఎయిర్‌బస్ ఎ-320 విమానాన్ని తీసుకొందాము.

మొదటి అంగము మార్గము. ఈ రెండు నగరాల నడుమ సూటి దూరం సుమారు 4,130 కిలోమీటర్లు. అరేబియా సముద్రం దాటి, ఒమన్ మీదుగా, సౌదీ ఎడారిలోకి ప్రవేశించాలి. ఆయా దేశాల అనుమతులు ముందే ఉండాలి. తరువాత వాతావరణం. విమానం గాలికి ఎదురుగా లేవాలి కనుక, పడమటి గాలి వీస్తే పడమర దిక్కుగా, తూర్పుగాలి వీస్తే తూర్పు దిక్కుగా పరుగు తీయాలి. శంషాబాదు విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తు పెరిగినకొద్దీ, ఎండ ముదిరినకొద్దీ గాలి పలుచబడుతుంది. పలుచని గాలిలో రెక్కకు ఆధారం, ఇంజనుకు బలం రెండూ తగ్గుతాయి. మే నెల మధ్యాహ్నం లేచే విమానానికి జనవరి ఉదయం లేచే విమానం కంటే ఎక్కువ పరుగు కావాలి.

రెండవ అంగము ఇంధనము. మా అభ్యాసపు లెక్క ఇది: ప్రయాణానికి 13,400 కిలోలు, అనుకోని ఖర్చుకు అందులో నూటికి 5 వంతున 670, జిద్దాలో దిగరాకపోతే మదీనాకు మళ్లడానికి 1,600, ఆపైన అరగంటసేపు ఆకాశంలో నిలువడానికి 1,130, నేలమీద నడవడానికి 200. మొత్తం 17,000 కిలోలు. లీటరు ఇంధనం సుమారు 0.8 కిలో తూగుతుంది గనుక ఇది 21,250 లీటర్లు.

ఈ కిలోల, లీటర్ల భాగహారం బాలశిక్ష లెక్కవలె కనిపించవచ్చు. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానానికి ఇంధనం నింపినవారు కిలోల గుణకానికి బదులు లీటరుకు 1.77 అనే పౌండ్ల గుణకం వాడారు. కావలసిన దానిలో సగానికి తక్కువ ఇంధనంతోనే అది లేచింది. 41,000 అడుగుల ఎత్తున ఇంజన్లు ఆగిపోయాయి. పైలట్లు దానిని గాలిలో జారించుకొంటూ గిమ్లీ అనే ఊరి పాత వైమానిక స్థావరంలో దించగలిగారు. అందులోని 69 మందీ బతికారు.

మూడవ అంగము బరువు. సిబ్బంది, సరంజామాతో ఖాళీ విమానం 43,000 కిలోలనుకొందాము. సామానుతో కలిపి మనిషికి 100 కిలోల చొప్పున 170 మందికి 17,000. ఇంధనం 17,000. మొత్తం 77,000. నేలమీద ఖర్చయ్యే 200 పోగా, లేచేటప్పటి బరువు 76,800. మన విమానానికి గరిష్ఠ పరిమితి 78,000, కావున క్షేమమే. కాని మనిషికి 10 కిలోలు తక్కువగా అంచనా వేశామనుకోండి. అసలు బరువు 78,500! తెర మీద అంకె మారదు. విమానం మాత్రం పరిమితి దాటిపోయింది.

చార్టర్ ప్రయాణాలలో ఈ ప్రమాదం ఊహ కాదు. 1985 డిసెంబరు 12న కెనడాలోని గాండర్ నుండి అమెరికా సైనికులతో లేచిన చార్టర్ డీసీ-8 విమానం కూలి 256 మంది మరణించారు. విచారణ సభ్యులు కారణం విషయమై ఏకీభవించలేదు. అధిక సంఖ్యాకులు రెక్కలమీది మంచును ప్రధానంగా అనుమానిస్తూ, సైనికుల బరువును తక్కువగా లెక్కించిన సంగతిని కూడా ఎత్తిచూపారు.

ఇక కాక్‌పిట్‌లోకి ప్రవేశిద్దాము. బ్యాటరీ, విద్యుత్తు, మార్గపు నమోదు, ఇంజన్లు – అన్నీ చెక్‌లిస్టు ప్రకారం సాగాలి. ఒకరు చదవాలి, మరొకరు చూసి బదులు పలకాలి. ఒంటరిగా అభ్యసించేవారు కూడా పైకి చదివి, కంటితో చూసి, వేలితో తాకి ముందుకు సాగాలి. 2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో ఒక విమానం యంత్రలోపం వల్ల వెనుదిరిగి, ఆలస్యంగా మళ్లీ బయలుదేరింది. రెక్కల ఫ్లాప్స్ దించలేదు. హెచ్చరిక గంట కూడా మోగలేదు. 154 మంది మరణించారు. చెక్‌లిస్టులోని ఒక పంక్తి విలువ అంతటిది.

రన్‌వే చివర నిలిచినప్పుడు మూడు వేగాలు గుర్తుండాలి. వి-వన్ దాటిన తరువాత ఆగే ప్రయత్నం కూడదు. వి-ఆర్ వద్ద ముక్కు పైకెత్తాలి. వి-టూ, ఒక ఇంజను ఆగినా పైకి పోగలిగే వేగం. ఈ మూడూ బరువును బట్టి మారుతాయి; బరువు లెక్క తప్పితే ఇవీ తప్పుతాయి. కంట్రోల్ టవర్ అనుమతి లభించగానే ఇంజన్లకు బలమిస్తాము. విమానం నేల విడుస్తుంది, చక్రాలు లోపలికి ముడుచుకొంటాయి. పొద్దుటి నుండి కాగితం మీద వేసిన లెక్కకు అదే జవాబు.

చాలామంది విద్యార్థులు సిమ్యులేటర్ తెరవగానే ఇంజన్లు నడుస్తూ, రన్‌వే మీద సిద్ధంగా ఉన్న విమానంతో మొదలుపెడతారు. అది వినోదం, విద్య కాదు. సిమ్యులేటర్‌కు మన ప్రయాణికుల అసలు బరువు తెలియదు. మనము చెప్పినదే నిజమని నమ్ముతుంది. నిజ విమానంలోని కంప్యూటరు కూడా చాలావరకు అంతే. సత్యాన్ని సరిచూసే భారం మనిషిదే.

కావున కంప్యూటరు ముట్టుకొనే ముందు కాగితం, పెన్సిలు పట్టుకొండి. గణితం, భౌతికశాస్త్రం, భూగోళం బోధించే అధ్యాపకులు కలిసి ఈ ఒక్క ప్రయాణాన్ని పాఠంగా చెప్పగలిగితే, మూడు పాఠ్యగ్రంథాలు ఒకే బల్లమీద కలుస్తాయి. కళాశాల కమిటీ వారు అందుకు ఒక కంప్యూటరును, వారానికొక గంటను కేటాయించవలసిందిగా కోరుతున్నాము. లెక్క తప్పినా ప్రాణహాని లేని చోటనే లెక్క తప్పకుండా వేయడం నేర్చుకోవాలి.