ఆప్తవాక్యము – యంత్రవాక్యము

గడచిన మార్గశిర మాసమున ఒక సాయంకాలము, మా ఇబ్రహీంపట్నములో పొరుగు వీథిలోని గృహస్థు ఒకరు నా యొద్దకు వచ్చిరి. వారి తండ్రిగారి ప్రత్యాబ్దికము సమీపించినది. తిథి కృష్ణనవమి. ఏ దినమున ఆచరింపవలయునో అడుగుటకు వారు రాలేదు. దినము నిశ్చయమైనదని చెప్పుటకే వచ్చిరి. చేతిలోని సెల్‌ఫోను నా ముందుంచి, “స్వామీ, ఏఐని అడిగినాను. గురువారమని చెప్పినది. భోక్తలను తమరే కుదుర్చవలెను” అనిరి.

నేను పంచాంగమును తెరచి చూచితిని. నవమి బుధవారము ఉదయము 11 గంటలకు ప్రవేశించి గురువారము ఉదయము 10 గంటలకు ముగియుచున్నది. పగటి కాలమును ఐదు భాగములు చేసినచో ప్రాతఃకాలము, సంగవము, మధ్యాహ్నము, అపరాహ్ణము, సాయాహ్నము అగును. పితృకార్యమునకు నాలుగవదియగు అపరాహ్ణమున తిథి యుండవలెను. అనగా సుమారుగా పగలు ఒంటిగంట దాటినది మొదలు మూడున్నర వరకు. ఆ వేళకు నవమి బుధవారమే కలదు గాని గురువారము లేదు. గురువారము నాడు సూర్యోదయమునకు నవమి యున్నమాట నిజమే. గోడలకు వ్రేలాడు క్యాలెండర్లన్నియు ఉదయతిథినే పెద్ద అక్షరములతో ముద్రించును. యంత్రము ఎక్కువగా చదివినది దానినే కాబోలు.

“దానినే మరల అడుగుడు. అపరాహ్ణవ్యాప్తి చూచితివా యని అడుగుడు” అంటిని. వారు అడిగిరి. యంత్రము మిక్కిలి వినయముతో క్షమాపణ చెప్పి, బుధవారమే సరియైనదని వ్రాసెను. గృహస్థునకు సంతోషము కలిగినది. నాకు మాత్రము తృప్తి కలుగలేదు. “ఉదయతిథి కదా ప్రధానము, గురువారము కాదా యని మరియొకసారి అడుగుడు” అంటిని. మరల క్షమాపణ చెప్పినది. మరల గురువారమునకు వచ్చినది! పాఠశాలలో మేమిట్లు గురువుగారి ముఖము చూచి సమాధానము మార్చియుండినచో మా చెవులు మిగిలియుండెడివి కావు.

ఈ విషయమును నవ్వులాటగా విడిచిపెట్టుటకు మనస్సొప్పలేదు. తండ్రిగారి తిథి ఏటికొక్కమారు వచ్చును. నేనా సాయంకాలము ఇంట లేకున్నచో ఆ సంవత్సరపు శ్రాద్ధము తిథి తప్పి జరిగియుండెడిది. అది తప్పినదని ఎవ్వరికిని తెలిసియుండెడిది కాదు.

ఇంతకును ఆ యంత్రము చేయుచున్నదేమి? నా మనుమడు ఇంజనీరింగు చదువుచున్నాడు. వాడు నాకు ఓపికగా బోధించినాడు. లోకములోని గ్రంథములు, పత్రికలు, సంభాషణలు లెక్కకు మిక్కిలిగా దానిచేత చదివింతురు. ఒక మాట తరువాత ఏ మాట వచ్చుట సంభవమో ఆ పొందికను అది గణితముచేత గ్రహించును. మనము ప్రశ్న వేసినపుడు ఒక్కొక్క తునకగా తరువాతి మాటను కూర్చుకొనుచు పోవును. ఆ మాటలు నిజమైన విషయముతో సరిపోవచ్చును, తరచుగా సరిపోవును కూడ. సరిపోనపుడును వాక్యము అంతే సొంపుగా, అంతే ధీమాగా నుండును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

మన తార్కికులు శబ్దమును ప్రమాణముగా అంగీకరించిరి. అయితే ప్రతి శబ్దమును కాదు, ఆప్తుని వాక్యమును మాత్రమే. ఆప్తుడనగా విషయమును ఉన్నదున్నట్లు ఎరిగినవాడు, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరువాడు. ఈ రెండును కావలెను. భ్రమ, ప్రమాదము, విప్రలిప్స, కరణాపాటవము అను నాలుగు దోషములు వాక్యమును చెరచునని పెద్దలు చెప్పుదురు. వీనిలో విప్రలిప్స, అనగా వంచింపవలెనను కోరిక, యంత్రమునకు లేదు. ఇది దానియందు గుణమని కొందరు పొగడుచున్నారు. కాని వంచింపవలెనను కోరిక లేనట్లే, సత్యము చెప్పవలెనను కోరికయు దానికి లేదు గదా! కోరికయే లేనిచోట ఆప్తత్వము ఎట్లు పుట్టును?

ఇట్టి ప్రశ్న మనవారికి క్రొత్త కాదు. విశ్వనాథ పంచాననుని న్యాయసిద్ధాంతముక్తావళిలో చిలుక మాటను గూర్చిన చర్చ కలదు. చిలుక ఒక వాక్యము పలికినది. వినువానికి అర్థము తెలిసినది. చిలుకకు తాత్పర్యము లేదు. మరి ఎవరి తాత్పర్యమును బట్టి అర్థబోధ కలిగినది? వాక్యము నిజమైనచో అచట ఈశ్వర తాత్పర్యమును చెప్పుకొనవచ్చును. చిలుక పలికినది విషయముతో విరోధించినచో, ఆ తాత్పర్యము దానికి మాటలు నేర్పినవానిదే యగును. విద్యార్థిగా నేను ఈ పంక్తులను పరీక్ష కొఱకు వల్లించితిని. ఇవి యొకనాడు అక్కరకు వచ్చునని తలపనైతిని. చిలుక తప్పు పలికినచో శిక్షకుని అడుగవలెను. నేడు అందరు చిలుకను పొగడుచున్నారు, శిక్షకుని అడుగువారు అరుదు.

ఈ అరుదుదనముచేత బీదల అన్నమునకే ముప్పు వచ్చిన సందర్భము మన రాష్ట్రముననే కలదు. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ యను కంప్యూటరు వ్యవస్థను 2016 నుండి ఉపయోగించుచు వచ్చిరి. వేర్వేరు శాఖల పట్టికలలోని పేర్లు, చిరునామాలు పోల్చి, ఏ కుటుంబమునకు ఏమి ఆస్తి కలదో అది తేల్చును. ఆహారభద్రతా కార్డులకు అర్హులు కానివారిని పట్టుకొనుటకు దానిని వాడిరి. కంప్యూటరు లెక్కల మీద ఆధారపడి, ఇంటికి పోయి విచారింపకయే రద్దు చేసిరని వివాదము బయలుదేరి, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సుమారు 19 లక్షల రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మరల పరిశీలింపుమని ఆదేశించినది. ఆ ఏడు జూలై నాటికి 2 లక్షల 5 వేలకు పైగా దరఖాస్తులను చూడగా, 15 వేలకు పైగా కుటుంబములు అర్హులేయని తేలినది. హైదరాబాదులో ఒక రిక్షా తొక్కువాని పేరు, కారు గల మరియొకని పేరుతో కలిసిపోయి, ఆ ఇంటికి బియ్యము నిలిచిపోయిన వైనము 2024లో పత్రికల కెక్కినది.

తర్కము చదివిన బాలుడైనను ఈ హేతువులోని దోషమును చెప్పగలడు. పేరు పోలినంతమాత్రమున మనుష్యుడొక్కడే కానక్కరలేదు, హేతువు వ్యభిచరించుచున్నది. కొండపై పొగను చూచి నిప్పును ఊహించువాడు, అది పొగయో మంచో ముందు తేల్చుకొనును. సందేహము కలిగినచో కొండ ఎక్కి చూచును. ఇచట కొండ ఎక్కి చూచువారే లేకపోయిరి.

ఇతరుల భ్రమలను ఎంచుచున్న నేనును ఒక భ్రమలో కొంతకాలముంటినని ఒప్పుకొనక తప్పదు. సంస్కృతమే కంప్యూటరుకు అన్నిటికంటె తగిన భాషయని అమెరికావారి నాసా తేల్చినదని నేను సభలలో గర్వముగా చెప్పియున్నాను. విన్నవారందరు కరతాళధ్వనులు చేసిరి. మూలమును విచారింపగా తేలినదిది: నాసా వారి ఏమ్స్ పరిశోధనా కేంద్రమున పనిచేసిన రిక్ బ్రిగ్స్ అను నతడు 1985లో కృత్రిమ మేధకు సంబంధించిన ఒక పత్రికలో వ్యాసము వ్రాసెను. వాక్యార్థమును విడదీసి చూపుటలో మన శాస్త్రకారుల శాబ్దబోధ పద్ధతికిని, కంప్యూటరులో జ్ఞానమును నిలుపు పద్ధతికిని పోలిక కలదని అందు నిరూపించెను. అది గౌరవింపదగిన మాట. నాసా సంస్కృతమున యంత్రములను నడుపుచున్నదని అందులో లేదు. ఆప్తవాక్యమేదో విచారింపకుండ నేనే యంత్రమువలె విన్నమాట తరువాత విన్నమాటను చేర్చితిని.

యంత్రము వలన ప్రయోజనమే లేదని నా అభిప్రాయము కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయపు సంస్కృతాధ్యయన విభాగమువారు పాణినీయ పద్ధతిని ఆధారముగా చేసికొని సంధి విడదీయుటకు, పదరూపములు తెలుపుటకు కంప్యూటరు సాధనములను నిర్మించిరి. విద్యార్థులకు అవి చేయూత. తిరుమలలో 2025 సెప్టెంబరు 25న వైకుంఠం కాంప్లెక్సున ఏఐతో కూడిన కమాండు కంట్రోలు కేంద్రమును ప్రారంభించిరి. క్యూలలో ఎందరున్నారో, ఎచట రద్దీ పెరుగుచున్నదో అది కెమెరాల ద్వారా గ్రహించును. జనమును లెక్కించుట కంటి పని. కంటికి సాయము వచ్చినచో మేలే. అయితే సన్నిధిలో ఒక్కొక్కరికి లభించు క్షణములను అది పెంచజాలదు.

మా ప్రాంతమునకు ఈ మాటలు దగ్గరగా వచ్చుచున్నవి. 2025 మార్చిలో ఏర్పడిన ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ పరిధిలో 7 మండలములలోని 56 గ్రామములు చేరినవి. ఇబ్రహీంపట్నము మండలమును అందొకటి. సాగర్ రోడ్డున టీ కొట్టులో కూర్చున్నను ఏఐ మాటయే వినవచ్చును. పాఠశాలలో చదువుచున్న పిల్లవాని తండ్రి యొకరు, “అన్నియు ఫోనులోనే ఉండగా ఇంత వల్లె వేయుట ఎందుకు?” అని నన్నడిగిరి. పదము, క్రమము, జట, ఘనము అని ఒకే మంత్రమును ముందు వెనుకలుగా ఎందుకు వల్లింతుమో వారికి చెప్పితిని. ఒక స్వరము జారినచో మరియొక పాఠములో అది పట్టుబడును. చెప్పువాడే తన తప్పును పట్టుకొను ఏర్పాటది. గురువారము, బుధవారము, మరల గురువారమని చెప్పిన ఫోనులో అట్టి ఏర్పాటు నాకు కనబడలేదని కూడ అంటిని. పిల్లవాడు ఇంకను వచ్చుచున్నాడు.

శ్రాద్ధము బుధవారముననే జరిగినది. అమెరికాలోనున్న తమ్ముడును అదే తిథి నాచరింపవలయును గదా యని గృహస్థు అడిగిరి. తిథి ప్రారంభమైన క్షణము లోకమంతటికి ఒక్కటే యైనను, వారి ఊరి సూర్యోదయాస్తమయములు వేరు గనుక అపరాహ్ణము వేరగును. ఆ ఊరికి గణించిన పంచాంగమును చూచి చెప్పవలెనని, ఆ పంచాంగమును తెప్పింపుమంటిని. నాలుగు దినముల ముందుగానే అది ఫోనులోనే వచ్చినది. కండ్లజోడు పెట్టుకొని, ఘడియలు లెక్కవేసి, దినము చెప్పితిని.