రెండు ముద్దలకే నిండిపోయే కడుపు

చెల్లీ, కొరియా సీరియళ్లు వదలకుండా చూస్తావు కదా. తిన్నది అరక్క మెలికలు తిరిగేవాళ్ల బొటనవేలికి దారం చుట్టి, గోరు మొదట్లో సూదితో గుచ్చి నల్లరక్తం తీస్తారు చూడు. అది అక్కడి అమ్మమ్మల వైద్యం. నువ్వు మాత్రం చెయ్యకు. కానీ ఆ బాధను వాళ్లు ఎంతగా పట్టించుకుంటారో గమనించు. మన ఇంట్లో ఆడపిల్ల "రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది" అంటే "గ్యాసేలే" అని తీసిపారేస్తారు. ఆ మాట వింటే నాకు కడుపు మండిపోతుంది.

కడుపుకీ ఒక లయ ఉంటుంది. నిమిషానికి సుమారు 3 సార్లు అలలా ముడుచుకుని తిన్నదాన్ని ముందుకు తోస్తుంది. ఆ లయ మందగిస్తే అన్నం అక్కడే ఉండిపోతుంది. ఎండోస్కోపీలో పుండేమీ కనిపించకపోయినా బాధ నిజమే.

దీనికి కొరియా సంప్రదాయ వైద్యులు యుక్‌గుంజాతాంగ్ అనే కషాయం ఇస్తారు. జిన్సెంగ్, ఎండిన కమలాతొక్క, అల్లం, ఎండు రేగుపండు, అతిమధురం వంటివి అందులో పడతాయి. పినెల్లియా అనే దుంప కూడా ఉంటుంది. అది మన కంద, చేమల కుటుంబానిదే! పచ్చిది తింటే గొంతు మండిపోతుంది, విషం కూడా. అందుకే అల్లంతో శుద్ధి చేశాకే మందులో వాడతారు. కందను చింతపండు లేకుండా వండని మనకు ఆ జాగ్రత్త ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. జపాన్‌లోనూ ఇదే కషాయం వాడతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ మీద దాని ప్రభావాన్ని అక్కడి శాస్త్రవేత్తలు పరిశోధించారు.

1897లో సియోల్‌లో మిన్ బ్యోంగ్‌హో అనే రాజాస్థాన ఉద్యోగి తయారుచేసిన హ్వాల్‌మ్యోంగ్‌సు అనే అరుగుదల మందు ఇప్పటికీ అక్కడి దుకాణాల్లో సీసాల్లో దొరుకుతుంది. లవంగం, దాల్చినచెక్క, జాజికాయ... అన్నీ మన పోపులపెట్టెలోవే. 2024లో ఈ అజీర్తికి ఇచ్చే కషాయాలను కూడా అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా ప్రయోగాత్మకంగా తన పరిధిలోకి తెచ్చింది. మన బాధకూ అంత గౌరవం దక్కాలని నాకెంత ఆశో!

అలాగని ఆ కషాయాల పొట్లాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకోకు తల్లీ. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. నువ్వు ఇప్పటికే వేసుకునే మాత్రలతో ఏది పడదో చూడాలి. కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, మింగలేకపోతున్నా, వాంతులు ఆగకపోయినా కషాయాల జోలికి పోకుండా ముందు ఆస్పత్రికి పరుగెత్తు. షుగర్ ఉంటే, కడుపు ఎంతసేపటికి ఖాళీ అవుతోందో చూసే పరీక్ష గురించి డాక్టర్‌ని అడుగు. ఏం తిన్నావో, ఎప్పుడు బరువెక్కిందో ఒక వారం కాగితం మీద రాసి పట్టుకెళ్లు, చెప్పడం తేలికవుతుంది.

పండగ అయ్యాక, పిల్లల పరీక్షలయ్యాక అని వాయిదా వెయ్యకు. ఒక్కపూట వంట ఇంట్లోవాళ్లు చూసుకుంటారులే, వెళ్లిరా.