చెరిపే ముందు అదేమిటో తేల్చుకో

బోయిగూడ, సికింద్రాబాద్

చి. అల్లుడికి,


మేడ మీద నుంచి తీసిన టైమ్‌లాప్స్ అందింది. ఓరియన్ తూర్పున లేచి, పక్కింటి వాటర్ ట్యాంకు మీదుగా సాగిపోవడం చక్కగా కుదిరింది. మధ్యలో అడ్డొచ్చిన గీతలన్నీ ఒక్క దెబ్బకు పోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని అడిగావు. పేరు చెప్పడానికి నిమిషం చాలు. కానీ ఆకాశం ఫొటోలు తీయడంలో చెయ్యి తిరిగినవాళ్ళు సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఇంకో ప్రశ్న వేసుకుంటారు: ఆ గీత దేనిది?

ప్రతి గీతకూ ఓ ఆనవాలు ఉంటుంది. విమానమైతే రెక్కల కొసన ఉండే ఎర్ర, పచ్చ దీపాలు సన్నటి చారలు గీస్తాయి, వాటి మధ్య స్ట్రోబ్ లైటు తెల్లటి చుక్కలు పెట్టుకుంటూ పోతుంది. ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో బేగంపేట వదిలి శంషాబాద్‌కు తరలిపోయినా, బోయిగూడ మీది ఆకాశంలో వాటికి కొదవ లేదు. ఉపగ్రహం గీత నున్నగా, చుక్కలు లేకుండా ఉంటుంది. 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహం నడినెత్తి మీద ఉన్నప్పుడు సెకనుకు ముప్పావు డిగ్రీకి పైగా కదులుతుంది. అంటే 25 సెకన్ల ఎక్స్‌పోజరులో దాదాపు 20 డిగ్రీల పొడవు గీత. 14 ఎంఎం లెన్సు పెడితే అది వరసగా నాలుగైదు ఫ్రేముల్లో పడుతుంది, ఫ్రేముకూ ఫ్రేముకూ నడుమ చిన్న ఎడం వదులుతూ.

ఉల్క ఒక్క ఫ్రేములోనే వచ్చి పోతుంది. రెండు కొసలూ సన్నబడి ఉంటాయి, తరచు ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. తిరుగుతూ ఒక్కసారి తళుక్కుమనే ఉపగ్రహం కూడా ఒకే ఫ్రేములో పడవచ్చు కాబట్టి, అనుమానం వస్తే ముందు ఫ్రేమూ వెనక ఫ్రేమూ పెద్దవి చేసి చూడాలి. అదే దారిలో మసక గీత ఏదైనా ఉంటే అది ఉపగ్రహమే. ఇక నక్షత్రాలన్నీ కదులుతున్నా ప్రతి ఫ్రేములో అదే చోట కూర్చుండే ఎర్ర, నీలి చుక్కలు ఆకాశంలోవి కానే కావు. అవి సెన్సరు వేడెక్కితే పుట్టే హాట్ పిక్సెళ్ళు. మన ఎండాకాలపు రాత్రుల్లో వాటి సంఖ్య పెరుగుతుంది.

ఇంత పరీక్ష ఎందుకంటే, ఫొటోలో పడిన ప్రతి మరకా చెత్త కాదు గనుక. బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన ఉద్యోగి కొడుకు, నిజాం కాలేజీ విద్యార్థి వైనుబాపు. 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ, తాను తీసిన ఆకాశపు ప్లేటు మీద ఉండకూడని మసక మరక ఒకటి గమనించాడు. ప్లేటు లోపం అనుకుని పక్కన పెట్టలేదు. అది కొత్త తోకచుక్క. బాపు-బాక్-న్యూకిర్క్ అనే పేరుతో ఇప్పటికీ పట్టికల్లో ఉంది.

మనకు దగ్గరి ఉదాహరణ 2022 ఏప్రిల్ 2, ఉగాది రాత్రి. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ ఆకాశంలో మండుతూ సాగిన వెలుగుల వరసను వందలమంది ఫోన్లలో తీశారు. ఉల్కలన్నారు కొందరు, విమానం కూలుతోందన్నారు ఇంకొందరు. ఆసిఫాబాద్ సరిహద్దు అవతల ఉన్న చంద్రపూర్ జిల్లాలో ఒక ఊళ్ళో పెద్ద లోహపు రింగు నేల మీద పడి దొరికింది. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్టు భాగం తిరిగి వాతావరణంలోకి దిగి కాలిపోయిందని నిపుణులు లెక్కగట్టారు. ఆ రాత్రి టైమ్‌లాప్స్ తీస్తున్నవాడెవడైనా ‘గీత అడ్డొచ్చింది’ అని తుడిచేసి ఉంటే సాక్ష్యం పోయినట్టే. 2013 ఫిబ్రవరిలో రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద పేలిన ఉల్క ఏ కక్ష్య నుంచి వచ్చిందో తేల్చడానికి శాస్త్రవేత్తలు వాడుకున్నవాటిలో ముఖ్యమైనవి కార్ల డ్యాష్‌బోర్డు కెమెరాల వీడియోలే.

అసలైనదాన్నీ మరకనూ వేరుచేసే ఉపాయం కంప్యూటరుతో పుట్టింది కాదు. 1887లో పారిస్‌లో మొదలైన ‘కార్త్ ద్యు సియెల్’ అనే ఆకాశ పటాల పథకంలో, పటం తీసే ప్లేటును కొంచెం కొంచెం జరిపి మూడుసార్లు ఎక్స్‌పోజ్ చేసేవారు. నిజమైన నక్షత్రం బుల్లి త్రిభుజంలా మూడు చుక్కలుగా పడేది. దుమ్మూ గాజు లోపమూ ఒంటి చుక్కగా మిగిలేవి. గ్రహశకలమైతే కదిలిపోతుంది కనుక త్రిభుజం వంకరపోయేది. ఈ అంతర్జాతీయ పథకంలోని నక్షత్ర పట్టిక పనిలో మన నిజామియాకూ వాటా ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన ఆ అబ్జర్వేటరీ తన వాటా కింద 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి, 1917 నుంచి 1946 దాకా 12 సంపుటాలు వెలువరించింది. సికింద్రాబాద్ స్టేషన్, ప్యారడైజ్ దాటితే బేగంపేట. అంత దగ్గర్లో జరిగిన పని అది.

ఇప్పటి సాఫ్ట్‌వేర్ చేసేదీ అదే. వరస ఫ్రేములను నక్షత్రాల ఆధారంగా సరిపెట్టి, ప్రతి పిక్సెల్‌కూ మధ్య విలువ, అంటే మీడియన్, తీసుకుంటుంది. మూడు ఫ్రేములు తీసుకుంటే, ఒక్క దానిలోనే వెలిగినది పోతుంది, మూడింటిలోనూ ఉన్నది నిలుస్తుంది. ఉచితంగా దొరికే సిరిల్‌లో ఈ పని చక్కగా జరుగుతుంది. కానీ మీడియన్‌కు కళ్ళు లేవు. ఉపగ్రహంతోపాటు ఉల్కనూ మింగేస్తుంది, మేఘాల కదలికను అలికేస్తుంది. ఒక్క ఫొటోకు అది మంచి మందు. వీడియో మొత్తానికి మాత్రం పట్టించకూడదు.

వీడియోకు చేతిపనే మేలు. గీత ఉన్న ఫ్రేము మీద పక్క ఫ్రేము తెచ్చి పరచాలి. ఇక్కడే చాలామంది జారతారు. భూమి తిరగడం వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది. ఫ్రేముకూ ఫ్రేముకూ 30 సెకన్లు ఎడం ఉంటే 450 ఆర్క్‌సెకన్లు. 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 14 ఎంఎం లెన్సు అయితే నక్షత్రం సుమారు 5 పిక్సెళ్ళు పక్కకు పోతుంది. అందుకే పై పొరను ముందు నక్షత్రాలకు సరిపెట్టి, తర్వాతే మాస్క్‌తో గీత మేరకు మాత్రమే తెరవాలి. మేడలూ ట్యాంకులూ ఆ పొరలోకి రాకూడదు, వస్తే అవి వణుకుతాయి. శంషాబాద్ వైపు దిగుతూ మన వైపే వచ్చే విమానం నెమ్మదిగా కదిలినట్టు ఉంటుంది కాబట్టి పక్క ఫ్రేములోనూ అదే చోట ఉండొచ్చు. అప్పుడు ఇంకో ఫ్రేము అవతలికి వెళ్ళాలి.

ఫొటోషాప్‌లో కంటెంట్ అవేర్ ఫిల్ లాంటివి ఒక్క క్లిక్కుతో గీతను మాయం చేస్తాయి. ఆపి చూస్తే అచ్చం ఆకాశమే. వీడియో ఆడించగానే బండారం బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫ్రేములో ఒక్కో రకం చుక్కలు కల్పిస్తుంది గనుక ఆ చోటు కుతకుతలాడుతుంది. లేని నక్షత్రాలు పెట్టడం ఎటూ తప్పే, చూడ్డానికీ బాగుండదు.

చెరిపే బాధ సగం తగ్గించుకోవడానికి మన ఊరి అక్షాంశమే సాయం చేస్తుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తరాన ఉంది, ఇక్కడ సూర్యుడు దిగంతం కిందికి నిటారుగా, వేగంగా దిగిపోతాడు. 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు వెలగాలంటే వాటి మీద ఎండ పడాలి. అస్తమయమైన రెండు గంటలకల్లా నడినెత్తి మీదివి భూమి నీడలోకి జారుకుంటాయి. పడమటి అంచున మాత్రం ఇంకో గంటదాకా అక్కడక్కడ మిగులుతాయి, తెల్లవారుజామున తూర్పున మళ్ళీ మొదలవుతాయి. జూన్‌లో లండన్‌వాళ్ళకు ఈ సౌకర్యం లేదు, అక్కడ రాత్రంతా అవి వెలుగుతూనే ఉంటాయి. కాబట్టి రాత్రి 10 నుంచి 3 లోపు తీసిన షాట్‌లో గీతలు బాగా తగ్గుతాయి. 30 సెకన్ల ఎడంతో 2 గంటలు తీస్తే 240 ఫ్రేములు, అంటే సెకనుకు 24 చొప్పున సరిగ్గా 10 సెకన్ల వీడియో. షూటింగ్ అవగానే లెన్సుకు మూత పెట్టి, అదే ఐఎస్ఓ, అదే ఎక్స్‌పోజరుతో కొన్ని డార్క్ ఫ్రేములు తీసుకుంటే హాట్ పిక్సెళ్ళ పీడా విరగడవుతుంది.

కరెంటు తీగలు, మొబైల్ టవరు, ఆ వాటర్ ట్యాంకు కూడా తీసేయాలని రాశావు. అవి అక్కర్లేనివని మామయ్య ఒప్పుకోడు. స్టేషన్ దీపాల వెలుగుకు అడుగున పసుపెక్కిన ఆ ఆకాశం, ఆ తీగలు లేకపోతే అది బోయిగూడే అని ఎవరు పోల్చుకుంటారు? అలాంటిది వద్దనుకుంటే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు వెళ్ళి తీయాలి గాని, బోయిగూడను తుడిచి అనంతగిరి చేయకూడదు.

వీడియో కింద ఒక్క వాక్యం తప్పనిసరిగా రాయి: విమానాలు, ఉపగ్రహాలు తొలగించాను, పక్క ఫ్రేములతో పూరించాను అని. ఒరిజినల్ రా ఫైళ్ళు తేదీ, సమయం చెడకుండా రెండు హార్డ్‌డిస్కుల్లో దాచు. కెమెరా గడియారం సెకన్లతో సహా సరిచూసుకో. ఈసారి పంపేటప్పుడు చెరిపినదీ చెరపనిదీ రెండూ పంపించు.

ఇట్లు,
మామయ్య