తెర మీద చిన్న సూచన: టూల్‌టిప్ రాయడం నేర్చుకుందాం

సెల్‌ఫోన్‌లో ఒక యాప్ తెరిచామనుకోండి. పైన గంట బొమ్మ, పక్కన భూతద్దం, మధ్యలో ఎదురెదురుగా రెండు బాణాలు. మనకు అలవాటే కాబట్టి చకచకా నొక్కేస్తాం. బదిలీ అయిన ప్రతిసారీ కొత్త ఊరి భాషను కూడా మనం త్వరగానే పట్టుకుంటాం. మనతో పాటు ఢిల్లీ వచ్చిన అమ్మమ్మకో తాతయ్యకో అది అంత తేలిక కాదు. ఆ బాణాలు ఏం చేస్తాయో వాళ్లకు ఎవరు చెప్పాలి? బొమ్మ పక్కనే నాలుగు మాటల్లో కనిపించి చెప్పే సూచననే టూల్‌టిప్ అంటారు.

ఎలా కనిపిస్తుంది?

కంప్యూటర్‌లో మౌస్‌ను బొమ్మ మీద ఉంచితే సూచన వస్తుంది. ఫోన్‌కు సాధారణంగా మౌస్ ఉండదు. అందుకే బొమ్మను వేలితో కాసేపు నొక్కి పట్టుకునే పద్ధతి ఉంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8.0లో యాప్ తయారుచేసేవాళ్లకు ఈ సదుపాయం నేరుగా దొరికింది. కానీ నొక్కి పట్టుకోవాలని తెలియనివాళ్లకు ఆ సూచన కనిపించదు. పెద్దల కోసం చేసే యాప్‌లో బటన్ పక్కన '?' గుర్తు పెట్టడం మేలు.

ఏం రాయాలి?

మెట్రో టికెట్ కోసం ఎక్కే స్టేషన్ కరోల్ బాగ్, దిగే స్టేషన్ రాజీవ్ చౌక్ అని ఎంచుకున్నాం. ఎదురెదురు బాణాలు నొక్కితే ఆ రెండు పేర్లూ తారుమారవుతాయి. అక్కడ "స్వాప్" అని రాస్తే తాతయ్యకు అర్థం కాదు. "తిరుగు ప్రయాణానికి ఇది నొక్కండి" అంటే వెంటనే తెలుస్తుంది.

ఇంకో ఉదాహరణ మరీ ముఖ్యం. అజ్మల్ ఖాన్ రోడ్డులో స్వెటర్ కొన్నా క్యూఆర్ కోడ్ చూపిస్తారు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి కాదు. "మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి" అని ఫోన్ చేసేవాళ్లు మోసగాళ్లు. పిన్ అడిగే చోట "పిన్ కొడితే మీ డబ్బు పోతుంది, రాదు" అన్న ఒక్క సూచన ఉంటే ఒక పెన్షన్ మిగులుతుంది. పొరపాటు చేస్తే నష్టం ఎక్కువగా ఉండే చోటే సూచన మొదట పెట్టాలి.

గుర్తుంచుకోవలసినవి

1. ఇంట్లో వాడే మాటల్లో, ఒక్క వాక్యంలో రాయాలి.
2. సూచన వచ్చి అసలు బటన్‌నే కప్పేయకూడదు.
3. అన్ని బటన్లకూ సూచనలు పెడితే ఎవరూ చదవరు.
4. చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపించేలా బొమ్మకు పేరు కూడా రాసిపెట్టాలి.

చేసి చూద్దాం

ఎంఐటీ యాప్ ఇన్వెంటర్‌లో ఒక బటన్, దాని పక్కన '?' అని రాసిన మరో బటన్ పెట్టండి. తర్వాత నోటిఫయర్‌ను చేర్చండి. '?' బటన్ నొక్కినప్పుడు పనిచేసే బ్లాకులో 'షో అలర్ట్' పెడితే సూచన కనిపించి దానంతటదే మాయమవుతుంది. నిదానంగా చదివేవారికి ఆ సమయం చాలదు. 'షో మెసేజ్ డైలాగ్' పెడితే చదివి బటన్ నొక్కేదాకా సూచన తెర మీదే ఉంటుంది. పిన్ హెచ్చరికకు ఇదే సరైనది.

అభ్యాసం

ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చుని, వారు వాడే యాప్‌లో ఏ బొమ్మ దగ్గర వేలు ఆగిపోతుందో చూడండి. అలాంటివి మూడు ఎంచుకుని, ఒక్కోదానికి ఆరు మాటలు మించకుండా తెలుగులో సూచన రాయండి. వారికే చదివి వినిపించండి. మళ్లీ అడిగితే మాట మార్చి రాయండి.