యాత్రాకాలమున ఇంటి కుక్క: అహింసాణువ్రతమునకొక పరీక్ష

శ్రావకుని పండ్రెండు వ్రతములలో మొదటిది అహింసాణువ్రతము. వ్రతము పూర్తిగా భంగము కాకున్నను దానికి మచ్చ తెచ్చు తప్పులను అతిచారములందురు. ఈ మొదటి వ్రతమునకు కలుగు అతిచారములను ఉమాస్వామి తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున ఐదుగా లెక్కించెను. అవి బంధము, వధము, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. అనగా కట్టివేయుట, కొట్టుట, చర్మమును గాని అవయవమును గాని కోయుట, శక్తికి మించిన భారము మోపుట, అన్నపానములను ఆపుట. ఈ ఐదును ముఖ్యముగా మనుష్యుని అధీనమున నుండి, అతని చేతి ముద్దకై ఎదురుచూచు ప్రాణుల విషయమున వర్తించును.

పూర్వము వర్తకుని యింట అట్టి ప్రాణి ఎద్దో, ఆవో, గుఱ్ఱమో. నేడు బెంగళూరులో చిక్కపేటయందో అవెన్యూ రోడ్డుమీదనో దుకాణము నడుపుచు, జయనగరమునందో బసవనగుడియందో కాపురముండు కుటుంబమునకు ఎడ్లబండి లేదు. పిల్లల కోరికపై తెచ్చిన కుక్క యున్నది. దుకాణము తెరచియున్న దినములలో దానికి ఏ లోటు నుండదు. ఇంటిల్లిపాది పెండ్లికో, వేసవి సెలవులకో, శ్రవణబెళగొళకో, కొలనుపాకకో బయలుదేరునపుడే పరీక్ష వచ్చును. యాత్ర పుణ్యము జమకు వ్రాసికొనువారు, ఇంట గొలుసునకు కట్టి విడిచిన ప్రాణి దుఃఖమును ఖర్చున వ్రాయకున్న ఆ లెక్క సరిపోదు.

జైన వాఙ్మయమున కుక్కకు చిన్న స్థానము లేదు. వాదీభసింహుని క్షత్రచూడామణిలో జీవంధర కుమారుని కథ కలదు. వసంతకాలమున జలక్రీడోత్సవము చూడబోయిన ఆ కుమారునకు, క్రతువుకై వండిన అన్నమును ముట్టినదని కొందరు కొట్టగా ప్రాణము విడుచుచున్న కుక్క కనబడెను. దానిని బ్రతికింప శక్యము కాలేదు. అతడు దాని చెవిలో పంచనమస్కార మంత్రము వినిపించెను. ఆ కుక్క సుదర్శనుడను యక్షుడై జన్మించి, తరువాత ఆపదలో అతనిని కాపాడెను. ఉత్సవమునకు పోవుచు గూడ కుక్క బాధను చూడగల కన్ను అతనికుండెను. ఈ పాఠమునకు అదియే మూలము.

ప్రయాణము నిశ్చయమైనపుడు మొదట తేల్చవలసినది కుక్కను వెంట గొనిపోవుటయా, ఇంట విడుచుటయా అను విషయము. తీర్థయాత్రయైనచో విడుచుటయే మేలు. శ్రవణబెళగొళ బెంగళూరునకు సుమారు 145 కిలోమీటర్లు. అచ్చట యాత్రికులు పాదరక్షలు విడిచి వింధ్యగిరి మెట్లెక్కుదురు. కుక్క క్రిందనే కారులో మిగులును. బయట 30 డిగ్రీల వేడిమి యున్నచో, మూసిన కారులో అరగంటలో 45 డిగ్రీలు దాటవచ్చును. అద్దము కొంచెము దించినంత మాత్రమున ఆ వేడి తగ్గదు. కుక్కకు మనుష్యునివలె ఒడలంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుట చేతనే అది చల్లబడును. పగ్గు వంటి చప్పిడి ముక్కు జాతులకు అదియు కష్టమే. కావున క్షణకాలమే యని తలచియైనను కుక్కను కారులో మూసిపోరాదు. అతిభారారోపణమనగా వీపుమీద బరువు మోపుట మాత్రమే కాదు. ఓర్వలేని వేడిమి యందుంచుటయు భారమే.

బంధువుల యింట అనేక దినములుండు ప్రయాణమైనచో వెంట గొనిపోవచ్చును. రైలులో స్లీపరు, చైర్‌కారు, ఏ.సి. రెండవ, మూడవ శ్రేణులలో కుక్కను అనుమతింపరు. మొదటి తరగతిలో కూపే గాని క్యాబిను గాని పూర్తిగా తమకే కేటాయింపబడినపుడే వెంట ఉంచుకొనవచ్చును. లేనిచో పార్సెలు ఆఫీసులో బుక్ చేసి, గార్డు పెట్టెలోని కుక్కల గదిలో పంపవలెను. బెంగళూరు నుండి సికింద్రాబాదునకు రాత్రియంతయు సాగు ప్రయాణమున, చీకటి గదిలో చప్పుళ్ల నడుమ ఒంటరిగా నుండు ప్రాణి స్థితిని ముందుగనే ఊహించుకొనవలెను. అలవాటు లేని కుక్కను అట్లు పంపుటకంటె ఇంట విడుచుట దయ. టీకా పత్రము, పశువైద్యుని ఆరోగ్య పత్రము వెంట నుండవలెను. తొలిసారి రేబీసు టీకా వేయించునపుడు, దాని రక్షణ ఏర్పడుటకు కొన్ని వారములు పట్టును గనుక ముందుగనే వేయించవలెను. బయలుదేరుటకు మూడు నాలుగు గంటల ముందు కొంచెము తిండి పెట్టి, దారిలో రెండేసి గంటలకు ఆగి నీరిచ్చి నడిపించవలెను. వైద్యుడు చెప్పనిదే నిద్రమందు ఇయ్యరాదు.

ఇంట విడుచునపుడు మొదట అడ్డువచ్చునది బంధదోషము. కాపలాదారు వచ్చి పోవుచుండునని చెప్పి, మెట్లక్రింద పొట్టి గొలుసునకు కట్టి పది దినములు విడుచుట కొన్ని యిండ్ల వాడుక. కుక్కకు గొలుసు పొడవుకంటె మనుష్యుని లేమి అధిక బాధ. రోజునకు రెండుమార్లు నడిపించి, కొంతసేపు దగ్గర కూర్చుండువానికే దానిని అప్పగింపవలెను. దానికి పరిచయమున్న బంధువైనచో మరియు మేలు. కుక్కలను ఉంచుకొను వసతి గృహమునకు పంపునట్లయిన, ముందుగా స్వయముగా పోయి గదులు, శుభ్రత, నీటిపాత్రలు చూడవలెను. టీకా పత్రములు అడుగని చోట విడువరాదు. ఒక రాత్రి అచ్చట ఉంచి చూచి, తరువాతనే ఎక్కువ దినములకు ఒప్పుకొనవలెను. దాని పాత దుప్పటి వెంట పంపిన, ఇంటి వాసన దానికి ధైర్యమిచ్చును.

అన్నపాననిరోధమున రెండు సంగతులు కలవు. మొదటిది, పర్యూషణమున ఇంటివారు ఉపవసించుట వారి తపస్సు. కుక్క ఆ ప్రత్యాఖ్యానము చేయలేదు. రాత్రిభోజన త్యాగము పాటించు ఇంటనైనను దాని నీటిపాత్ర రాత్రియు నిండియుండవలెను. రెండవది, ఏమి పెట్టరాదో సంరక్షకునకు వ్రాసి యీయవలెను. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణములను చెరచును. జైనగృహమున అవి లేనందున ఇంటివారికి ఆ భయము తోచదు. పరుల యింట అదియే ప్రమాదము. కిస్‌మిస్, ద్రాక్ష దాని మూత్రపిండములను దెబ్బతీయగలవు. చాకొలెట్, చక్కెరకు బదులు వాడు జైలిటాల్ కూడ విషమే. పండుగ మిఠాయి పళ్లెము దానికి అందరాదు. తిండి ఒక్కసారిగా మార్చిన కడుపు చెడును గనుక, అలవాటైన తిండినే వెంట పంపవలెను.

ఛేదమున చర్మమును కోయుటయు చేరును. నెలలు గడచినను సడలింపని మెడపట్టీ చర్మములోనికి దిగును. పట్టీకిని మెడకును నడుమ రెండు వ్రేళ్లు దూరవలెను. ఆ పట్టీకి ఫోను నంబరు చెక్కిన బిళ్ల కట్టవలెను. ఎండవేళ తారురోడ్డుమీద అఱచేయి ఏడు క్షణములు ఆనింపలేకున్న, అచ్చట కుక్కను నడిపించరాదు.

వధదోషము దీపావళినాడు చెవి ద్వారా వచ్చును. మనుష్యుడు సెకనుకు సుమారు 20 వేల కంపనముల వరకు విన, కుక్క సుమారు 45 వేల వరకు వినును. మహావీర స్వామి నిర్వాణ దినమైన ఆ అమావాస్యనాడు, జైనుని వాకిట పేలిన టపాకాయకు ఇంటి కుక్క మంచము క్రింద వణకుట తగని సంగతి. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు శబ్దము చేయు బాణసంచా కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లో తీర్పిచ్చెను. 2018లో దీపావళికి రాత్రి 8 నుండి 10 వరకు మాత్రమే కాల్చుటకు సమయము విధించెను. శ్రావకునకు న్యాయస్థానము ఆజ్ఞ కంటె వ్రతమే ముందు. ఆనాడు సూర్యాస్తమయమునకు ముందే కుక్కను త్రిప్పి, తిండి పెట్టి, లోపలి గదిలో కిటికీలు మూసి, రేడియో పెట్టి, ఒకరు దగ్గర నుండవలెను. దాగినచోటు నుండి దానిని లాగరాదు. మలమూత్రములు తప్పినను కొట్టరాదు. భయముతో పారిపోయిన కుక్క దారి తెలియక వీధిపాలగును.

1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టము 11వ సెక్షను చూచిన ఆశ్చర్యము కలుగును. కొట్టుట, పొట్టి గొలుసున చాలసేపు కట్టుట, బాధ కలుగునట్లు రవాణా చేయుట, చాలినంత తిండి, నీరు, నీడ ఈయకుండుట, ఆకలిదప్పుల పాలగునట్లు విడిచిపెట్టుట, ఇవన్నియు అందు నేరములు. ప్రాచీన సూత్రమున అతిచారములని చెప్పినవానినే అర్వాచీన శాసనము నేరములనెను.

ప్రయాణమునకు అడ్డమని కుక్కను దూరపు పేటలో విడిచివచ్చువారును కలరు. అట్టి ప్రాణుల కొఱకే క్రిస్టల్ రోజర్స్ 1991లో బెంగళూరున కూపా సంస్థను స్థాపించెను. హెబ్బాళమున 1958 నుండి పశువైద్య కళాశాల కలదు. సలహాకు, చికిత్సకు నగరమున తావులున్నవి. కావలసినది అడుగు మనస్సు.

సంవత్సరి నాడు శ్రావకుడు సమస్త జీవులను క్షమాపణ వేడి, మిచ్ఛామి దుక్కడం అనును. దుకాణపు పొత్తుదారు, పొరుగువాడు, బంధువు దానికి బదులు చెప్పగలరు. గొలుసునకు కట్టబడి పది దినములు వీధి తలుపు వైపే చూచిన కుక్క బదులు చెప్పలేదు. యజమాని తిరిగి వచ్చిన దినమున తోక మాత్రమే ఆడించును. అది క్షమించెనని తృప్తి పడుటకంటె, క్షమింపవలసిన పని లేకుండ చేసి బయలుదేరుటయే యాత్రకు మొదటి మెట్టు.