ఉమ్మి వేరు, తెమడ వేరు

అత్తకు నెల రోజులుగా దగ్గు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. రాత్రిళ్ళు చెమటలు పట్టేవి. జాకెట్టు వదులైపోయింది. 2 వారాలు దాటిన దగ్గుకు పరీక్ష చేయించాలని ఎవరో చెప్పారు. కోడలు ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ డబ్బా ఇచ్చి తెమడ తెమ్మన్నారు. తెమడను కొందరు కళ్ళె అంటారు, కొందరు గళ్ళ అంటారు. అత్తది పొడిదగ్గు. ఎంత దగ్గినా ఏమీ రాలేదు. ఖాళీ డబ్బా ఇస్తే బాగుండదని నోట్లో ఊరిన ఉమ్మి వేసి ఇచ్చింది. క్రిములు కనబడలేదని రిపోర్టు వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. దగ్గు మాత్రం తగ్గలేదు.

వారం తర్వాత ఆశా కార్యకర్త వచ్చింది.

"డబ్బాలో ఏం వేశావు పెద్దమ్మా?"

"ఉమ్మి వేశానమ్మా. లోపల్నించి ఏం రాందే!"

"క్రిములు ఉండేది ఊపిరితిత్తుల్లో. ఉమ్మిలో వెతికితే ఎట్లా దొరుకుతాయి?"

ఆమె పద్ధతి చెప్పింది. పొద్దున లేవగానే మంచినీళ్ళతో నోరు పుక్కిలించాలి. ఆరుబయట, పక్కన ఎవరూ లేనిచోట నిలబడాలి. గుండెల నిండా గాలి పీల్చి, కాసేపు బిగబట్టి వదలాలి. ఇట్లా 2, 3 సార్లు చేసి గట్టిగా దగ్గాలి. రాత్రంతా పేరుకున్న తెమడ కదిలి వస్తుంది. అది చిక్కగా, జిగటగా ఉంటుంది.

అత్త రెండు రోజులు ప్రయత్నించింది. రాలేదు. "ఇంకేం పరీక్షలే, వదిలెయ్" అంది. కోడలు వదల్లేదు. నాలుగేళ్ళ మనవడు నానమ్మ పక్కలోనే పడుకుంటాడు మరి!

పెద్దాసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే తీశారు. మచ్చ కనబడింది. వేరే జబ్బుల వల్ల కూడా మచ్చ రావచ్చు. అందుకని తెమడ కావాల్సిందే అన్నారు. ఉప్పు ఎక్కువ కలిపిన నీటిని ఒక యంత్రం మంచులాగా చేస్తుంది. దాన్ని అత్త చేత పీల్పించారు. లోపలి జిగట పలచబడుతుంది. ఆయాసం ఉన్నవాళ్ళకు ఇది పడకపోవచ్చు. డాక్టరు చూసే పెడతారు. కాసేపటికి దగ్గు తెర వచ్చింది. చెంచాడు తెమడ పడింది.

సీబీనాట్ అనే యంత్రంలో పెడితే సుమారు 2 గంటల్లో తేలింది. అది క్షయే. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు ఆ క్రిములు లొంగుతాయని కూడా తెలిసింది.

మనవడికీ కొంచెం దగ్గు ఉంది. చిన్నపిల్లలు తెమడను ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకని పరగడుపున ముక్కులోంచి సన్నని గొట్టం వేసి, కడుపులోని నీరు తీసి పరీక్షించారు. వాడు ఏడ్చి గోల చేశాడు. క్రిములు కనబడలేదు. ఎక్స్‌రే కూడా బాగుంది. ముందుజాగ్రత్తగా, జబ్బు రాకుండా మందు ఇచ్చారు.

అత్తకు 6 నెలల మందులు. అన్నీ ఉచితమే. దగ్గు తగ్గినా మధ్యలో మానకూడదన్నారు. కోడలు రోజూ అత్త చేత మాత్రలు మింగించి, క్యాలెండరులో ఆ తేదీ మీద గీత పెడుతోంది.